రెండున్నరకి దించాక

ఆదివారం, సాలిగ్రామం

మామయ్య షష్టిపూర్తికి అత్తయ్య ఒక పాట పాడుతోంది. కీబోర్డు, గిటారు, డోలక్ కజిన్స్ చూసుకుంటున్నారు, బేస్ గిటారు నాది. పాటను మొదట జి మేజర్‌లో పెట్టుకున్నాం. నిన్న రాత్రి అత్తయ్య ఫోన్ చేసి, "ఒరేయ్, చరణంలో పైకి వెళ్లేసరికి గొంతు పట్టేస్తోందిరా. అయిదు వద్దు, రెండున్నరకి దించండి" అంది. మద్రాసులో పెరిగిన మనిషి, శ్రుతి కట్టైల్లోనే, అంటే అంకెల్లోనే చెబుతుంది. ఒకటి అంటే సి, అయిదు అంటే జి, రెండున్నర అంటే ఈ ఫ్లాట్ (E♭). కీబోర్డు మీద నల్లవీ తెల్లవీ కలిపి లెక్కేస్తే నాలుగు మెట్లు కిందికన్నమాట.

కీబోర్డు వాడు ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి మైనస్ 4 పెట్టేశాడు. గిటారు వాడు 3వ ఫ్రెట్‌లో (ఒక్కో ఫ్రెట్ ఒక్కో మెట్టు) కేపో, అంటే తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు, బిగించి సి కార్డ్స్ (chords) వాయిస్తానన్నాడు. వాళ్ల పని అంతటితో సరి. నేను భోజనం చేసి కూర్చుంటే కాఫీ వేళ దాటిపోయింది.

బేస్‌లో కీ మార్చడం తేలికంటారు, నిజమే. ఈ (E), ఏ (A), డి (D), జి (G) తీగల్లో ఏ రెండు పక్కపక్క తీగల మధ్యయినా 5 మెట్లే. గిటారులో అయితే జి, బి తీగల మధ్య 4 మెట్లు వచ్చి లెక్క తప్పుతుంది. బేస్‌లో ఒకచోట నేర్చిన వేళ్ల వరస ఎక్కడికైనా అలాగే జరుగుతుంది. అందుకే కార్డుల పేర్లు గుర్తుపెట్టుకోవడం ఎప్పుడో మానేశాను. ఈ పల్లవిలో కార్డుల మూల స్వరాలు నాకు స, ద, మ, ప. అంతే. చిన్నప్పుడు సరళీ స్వరాలు నేర్పిన టీచర్ ఎవరి గొంతుకి తగ్గట్టు వాళ్లకి శ్రుతి మార్చేవారు. మేం మాత్రం ఎప్పుడూ అదే సరిగమ పాడేవాళ్లం.

చిక్కంతా అడుగున వచ్చింది. జిలో నా స లావు తీగ (E) మీద 3వ ఫ్రెట్. అక్కణ్నుంచి నాలుగు మెట్లు దిగాలంటే తీగలో ఒక్క మెట్టు తక్కువ పడుతుంది. కాబట్టి పక్కనున్న ఏ (A) తీగ 6వ ఫ్రెట్‌కి, పై స్థాయికి వెళ్లాలి. వెళ్తే పాట నడకే తిరగబడుతుంది. ఇదివరకు స నుంచి మ దాకా ఎక్కేవాణ్ని. ఇప్పుడు చేతికి దగ్గరగా ఉన్న మ లావు తీగ 4వ ఫ్రెట్‌లో, స కంటే కింద ఉంది. రెండు రకాలుగానూ వాయించి చూశాను. పల్లవికి డి తీగ మీద పైకెళ్లడమే బాగుంది, ఉత్సాహం వస్తోంది. చరణానికి కిందికి దిగాలి. ఆవిడ గొంతు పైకి వెళ్తున్నప్పుడు బేస్ దూరంగా జరిగితేనే సాహిత్యం స్పష్టంగా వినబడుతుంది.

లావు తీగని ఒక మెట్టు వదులు చెయ్యొచ్చు కదా అన్నాడు గిటారు వాడు. చెయ్యొచ్చు. కానీ ఆ తీగ మీద తక్కిన స్వరాలన్నీ ఒక ఫ్రెట్ జరుగుతాయి. పైగా ఆ స దాదాపు 39 హెర్ట్జ్. కల్యాణ మండపాల్లో పెట్టే చిన్న బాక్సుల్లో అది సరిగ్గా పలకదు. పై స్థాయి స, 78 దగ్గరిది, అయితే గట్టిగా పలుకుతుంది.

అన్నిటికంటే ఎక్కువసేపు పట్టింది ద. జిలో అది ఏ ఫ్రెట్టూ నొక్కని లావు తీగ. ఒకసారి మీటి వదిలేస్తే చాలు, ఎడమ చేతికి పనే లేదు. ఇప్పుడది ఏ (A) తీగ 3వ ఫ్రెట్. వేలు కాస్త సడలినా మోత ఆగిపోతుంది. చరణం చివర అత్తయ్య సంగతి వేసేంతసేపూ ఆ వేలు నొక్కిపట్టి, ఆఖరి క్షణంలో మ మీదికి రావాలి. తాళం కొట్టే మెట్రోనోమ్ వేగం బాగా తగ్గించి ఆ ఒక్క మలుపే మళ్లీ మళ్లీ వాయించాను. నాకు ఈ పనంటే ప్రాణం.

సాయంత్రం అత్తయ్య వచ్చి చరణం పాడింది. పై స్వరం దగ్గర ఇదివరకటి బిగువు లేదు, మాట నిండుగా వచ్చింది. ఇక కీ మార్చేది లేదు. రెండోసారి పల్లవికి వచ్చినప్పుడు నేను పైన ఉండాలా, కిందే ఉండిపోవాలా అన్నది ఇంకా తేలలేదు. గురువారం అందరం కలిసినప్పుడు డోలక్‌తో విని చెప్పాలి.