ఉత్తర కార్తె వచ్చింది, వరి దుబ్బు మొదలు చూడండి

"ఉత్తర చూసి ఎత్తర గంప" అన్నారు పెద్దలు. సెప్టెంబరు 13 ప్రాంతంలో వచ్చే ఉత్తర కార్తెలోనూ వాన పడకపోతే పంట మీద ఆశ వదులుకొని గంప నెత్తికెత్తుకోవాల్సిందేనని వాళ్ల లెక్క. కాలువ కింద, బోరు కింద వరి వేసినవాళ్లు ఈ కార్తెలో మబ్బు కోసం చూసినంత శ్రద్ధగా దుబ్బు మొదళ్లు కూడా చూసుకోవాలి. వరి మొదట్లో చేరి రసం పీల్చే గోధుమ రంగు పురుగు, సుడిదోమ, అడుగుపెట్టేది ఇప్పుడే.

జులైలో నాటిన మడి ఈ రోజులకు పిలకలు వేయడం ముగించి చిరుపొట్టకు, అంటే లోపల కంకి మొదలయ్యే దశకు వస్తుంది. దుబ్బులు కమ్ముకుని మధ్యలో గాలి ఆడదు. పగలు ఉక్క, అడుగున నీళ్లు, మొదట్లో నీడ. దోమకు ఇంతకంటే మంచి చోటు దొరకదు. గట్టు మీద నిలబడి చూస్తే మడి నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది, మోసపోయేది అక్కడే. పైన ఆకు పసుపు తిరిగేసరికి కింద దోమ వందల్లో చేరి ఉంటుంది. ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే మడి మధ్యలో గుండ్రంగా, సుడులు సుడులుగా ఎండిపోతుంది. ఆ పేరు అలా వచ్చిందే.

చూసే పద్ధతి ఇది. గట్టు పక్క వరసలు వదిలేసి మడిలోకి ఐమూలగా నడవండి. అక్కడక్కడా 20 దుబ్బులు ఎంచుకోండి. ఒక్కో దుబ్బును కొంచెం వంచి మొదట్లో అరచేత్తో రెండు మూడు సార్లు తట్టండి. దోమలు నీళ్ల మీద పడి పక్కకు జారుతూ పోతాయి, అప్పుడు లెక్కపెట్టండి. పిల్లదోమలు తెల్లగా ఉండి ఎదిగేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతాయి. పెద్దవాటిలో పొట్టి రెక్కలవి ఎక్కువగా కనిపిస్తే అవి ఆ మడిలోనే కాపురం పెట్టి గుడ్లు పెడుతున్నాయని అర్థం. పిలకల దశలో దుబ్బుకు 10 నుంచి 15, ఈనిక దశలో 20 నుంచి 25 దాటితేనే మందు ఆలోచించాలి. వారానికి రెండుసార్లు చూస్తే చాలు, కానీ తప్పకుండా చూడాలి.

దోమతో పాటు నీళ్లలో ఏమేం పడ్డాయో కూడా గమనించండి. సాలీడు రోజుకు 5 నుంచి 15 దోమల్ని తింటుంది. పచ్చగా, తల దగ్గర నల్లగా ఉండి చురుగ్గా పరుగెత్తే మిరిడ్ నల్లిని చాలామంది పురుగే అనుకుంటారు. అది దోమ గుడ్లనూ పిల్లల్నీ పీల్చి చంపే మన మనిషి. రెండు దోమలకు ఒక మిరిడ్ నల్లి ఉన్న మడిలో మందు ఆపి చూడవచ్చు.

ఇవన్నీ ఉండగా దోమ ఎందుకు పెరుగుతోంది? ఎక్కువ చోట్ల మన చేతులతోనే. పక్క మడి కంటే మన మడి నల్లగా ఉండాలని అదనంగా వేసే యూరియా బస్తాతో ఆకూ కాండమూ మెత్తబడి దోమ పీల్చడానికి తేలికవుతుంది. ఆఖరి నత్రజని చిరుపొట్ట దగ్గర పొటాష్‌తో కలిపి వేసి ఆపేయాలి. రెండోది, ఆకుముడతకో కాండం తొలిచే పురుగుకో కొట్టే సైపర్‌మెత్రిన్ లాంటి సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు. అవి ముందు సాలీళ్లనూ మిరిడ్ నల్లుల్నీ చంపుతాయి, దోమకు అడ్డు లేకుండా పోతుంది. మందు కొట్టిన మడిలోనే దోమ ఎక్కువైందని ఆశ్చర్యపోయేవాళ్లు అంతకుముందు ఏం కొట్టారో గుర్తు చేసుకోవాలి.

మూడోది, గాలి ఆడే కాలిబాటలు వదలకపోవడం. నాటేటప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల బాట, తూర్పు పడమరలుగా వదలాలి. జాగా పోతుందని చాలామంది వదలరు. ఇప్పుడు చేయగలిగింది, దుబ్బుల్ని రెండు పక్కలకూ ఒత్తి పాయలు తీయడం.

దోమ హద్దు దాటితే ముందు నీళ్లు తీసేసి రెండు మూడు రోజులు మడి ఆరనివ్వండి. పూత మీద, గింజ పాలు పోసుకుంటున్నప్పుడు మాత్రం నెర్రెలు పడేదాకా ఎండగట్టవద్దు. మందు అవసరమైతే లీటరు నీటికి పైమెట్రోజిన్ 0.6 గ్రాములు, లేదా డైనోటెఫ్యురాన్ 0.4 గ్రాములు. పిల్లదోమలే ఎక్కువగా ఉంటే బుప్రోఫెజిన్ 1.6 మిల్లీలీటర్లు సరిపోతుంది. ఎకరాకు 200 లీటర్ల నీళ్లు కావాలి. నాజిల్ కిందికి దించి మొదలు తడిసేలా కొట్టాలి, ఆకుల మీద పడిన మందు దోమకు చేరదు. పైమెట్రోజిన్ కొట్టిన మర్నాడు దోమ బతికే కనిపిస్తుంది. అది పీల్చడం మానేసి నాలుగైదు రోజుల్లో చస్తుంది. బుప్రోఫెజిన్ పిల్లదోమ పొర విడవకుండా చేస్తుంది, దానికీ అంతే వ్యవధి పడుతుంది. మందు పని చేయలేదనుకొని మూడో రోజే ఇంకో డబ్బా తెచ్చి కలిపి కొట్టడం డబ్బు దండగ, సాలీళ్లకు చావు.

భాద్రపద అమావాస్యకు ఎంగిలిపూల బతుకమ్మ. తంగేడు, గునుగు కోసం ఇప్పుడు చాలా దూరం నడవాల్సి వస్తోంది, గట్ల మీద కలుపు మందు కొట్టడం దీనికి ఒక కారణం. పూలున్న గట్టు పురుగుల్ని తినే మిత్ర పురుగులకు తేనే, నీడా ఇస్తుంది. గట్టు కోయండి, మాడ్చవద్దు. వచ్చే ఏడాది గట్ల మీద నాలుగు బంతి మొక్కలు, కాసిన్ని నువ్వులు వేసి చూడండి.

సాంబ మసూరి వేసినవాళ్లకు ఈ జాగ్రత్త రెట్టింపు, ఆ రకం దోమకు తట్టుకోదు. విజేత, కాటన్ దొర సన్నాలు కొంత తట్టుకుంటాయి, అయినా దుబ్బు తట్టి చూడడం మానవద్దు. హస్త దాటి చిత్తలోకి వచ్చాక రాత్రి వీధి దీపాల చుట్టూ చిన్న పచ్చ పురుగులు ముసురుతాయి. అవి పచ్చదోమలు, వరి మీదివే, వరిని గిడసబార్చే టుంగ్రో వైరస్‌ను మోసేవి. వాటితో పాటు గోధుమ రంగు దోమ కూడా దీపం కింద రాలి కనిపిస్తే మర్నాడు పొద్దున్నే మడిలోకి దిగండి.