అరబ్బు దేశాల చరిత్ర చదవాలంటే ముందు పటం గీయండి

పశ్చిమాసియా సరిహద్దులన్నీ 1916లో బ్రిటన్ తరఫున సైక్స్, ఫ్రాన్స్ తరఫున పికో కూర్చుని ఒక రహస్య ఒప్పందంలో గీసేశారన్న మాట ఎక్కడ చూసినా కనిపిస్తుంది. ఆ మాట పట్టుకుని చదువు మొదలుపెడితే తర్వాత ఏదీ అతకదు. ఆ ఒప్పందం పటంలో, ఇప్పుడు ఉత్తర ఇరాక్‌లో ఉన్న మోసుల్ ఫ్రాన్స్ పలుకుబడి కింద ఉండాల్సిన 'ఏ' మండలంలో ఉంది. పాలస్తీనాలో ఎక్కువ భాగానికి అంతర్జాతీయ పాలన అన్నారు. చివరికి ఆ రెండూ అలా జరగలేదు.

అందుకే నాలుగు ట్రేసింగ్ కాగితాలతో మొదలుపెట్టమంటాను. మొదటిది 1914 నాటి ఒట్టోమన్ విలాయత్‌లు, అంటే రాష్ట్రాల్లాంటివి: బస్రా, బాగ్దాద్, మోసుల్, అలెప్పో, బేరూత్, సిరియా, నేరుగా ఇస్తాంబుల్ కింద ఉన్న జెరూసలేం, మౌంట్ లెబనాన్ విడిగా. రెండోది 1916 ఒప్పందం. మూడోది 1920: ఏప్రిల్‌లో ఈ ప్రాంతాలను బ్రిటన్, ఫ్రాన్స్‌ల పాలనకు పంచిన శాన్ రెమో సమావేశం, జులైలో ఫ్రాన్స్ సిరియా అరబ్బు సేనను ఓడించిన మైసలూన్ యుద్ధం, సెప్టెంబరులో ఫ్రాన్స్ ప్రకటించిన గ్రేటర్ లెబనాన్. నాలుగోది 1939, సిరియా వాయవ్య మూలనున్న అలెగ్జాండ్రెట్టా ప్రాంతం టర్కీలో కలిసిన ఏడు. నాలుగింటి మీదా ఒకే స్కేలులో టైగ్రిస్, యూఫ్రటీస్ నదులు, డమాస్కస్ నుంచి మదీనాకు వెళ్లే రైలుమార్గం ముందే గీసుకోండి. అవి లేకపోతే ఒక కాగితం మీద ఇంకొకటి పెట్టినప్పుడు కుదరక, లేని తేడాలు కనిపిస్తాయి. ఎడారిలో సరిహద్దు తేలనిచోట చుక్కల గీతే వేయండి. జోర్డాన్, సౌదీ అరేబియా 1965లో కూడా అకాబా దగ్గర భూమి మార్చుకున్నాయి.

ఈ శ్రమకు ఫలితం ఎక్కడంటే, 1915 అక్టోబరు 24న ఈజిప్టులోని బ్రిటిష్ హైకమిషనర్ మెక్‌మహన్ మక్కా షరీఫ్ హుస్సేన్‌కు, ఒట్టోమన్లపై తిరగబడితే అరబ్బుల స్వాతంత్ర్యానికి మద్దతిస్తామంటూ రాసిన ఉత్తరం దగ్గర. డమాస్కస్, హోమ్స్, హమా, అలెప్పో జిల్లాలకు పడమటనున్న సిరియా భాగాలను అరబ్బులకిచ్చే హామీ నుంచి తీసేశాడు. ఆ నాలుగు ఊళ్లకూ చుక్కలు పెట్టండి. వాటికి పడమట ఉన్నది లెబనాన్, సిరియా తీరం. జెరూసలేం డమాస్కస్‌కు బాగా దక్షిణాన ఉంది. అయినా పాలస్తీనా కూడా ఆ మినహాయింపులోనిదేనని 1922లో బ్రిటన్ వాదించింది. జిల్లా అంటే విలాయత్ అని దాని లెక్క. డమాస్కస్ రాజధానిగా ఉన్న సిరియా విలాయత్ దక్షిణాన అకాబా దాకా ఉండేది కాబట్టి జెరూసలేం దానికి పడమటే అవుతుంది. మరి హోమ్స్, హమాలకు సొంత విలాయత్‌లే లేవు, అవి సిరియా విలాయత్‌లోవే. అలెప్పో విలాయత్ సముద్రం దాకా ఉంది, దానికి పడమట నీళ్లు తప్ప ఏమీ లేవు. బ్రిటన్ వాదన నిలవదని నేననేది అందుకే. మొదటి కాగితం గీసినవాళ్లకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు.

మోసుల్ కథ కూడా అంతే. బ్రిటిష్ సేన అక్కడికి చేరింది 1918 అక్టోబరు 30 నాటి ముద్రోస్ యుద్ధ విరమణ తర్వాత. టర్కీతో 1923లో కుదిరిన లోజాన్ సంధి ఆ సరిహద్దు తేల్చకుండా వదిలేసింది. 1925 డిసెంబరులో నానాజాతి సమితి ఇరాక్‌కు ఇచ్చింది. 1926 జూన్‌లో అంకారా ఒప్పందంతో టర్కీ ఒప్పుకుంది, బదులుగా 25 ఏళ్లపాటు చమురు రాయల్టీలో పదోవంతు. అంతకుముందు ఒట్టోమన్లతో కుదిరిన 1920 నాటి సెవ్ర్ సంధిలో కుర్దులకు సొంత రాజ్యం అవకాశం ఉంది, లోజాన్‌లో అది లేదు. కుర్దుల చరిత్రను అరబ్బు చరిత్రకు అనుబంధంలా చదివితే ఈ మూడేళ్ల తేడా కళ్లు కప్పేస్తుంది.

తేదీలతో ఇంకో చిక్కు. ఒట్టోమన్ కార్యాలయాల కాగితాల్లో హిజ్రీ కాకుండా రూమీ సంవత్సరం, అంటే ఒట్టోమన్ ప్రభుత్వం వాడిన సౌర సంవత్సరం కూడా వస్తుంది. రూమీకి 584 కలపాలి, 1917 మార్చికి ముందు జనవరి, ఫిబ్రవరి అయితే 585. ఇరవయ్యో శతాబ్దంలో, 1917 మార్చికి ముందు తేదీలకు 13 రోజులు కూడా కలపాలి. ఇస్తాంబుల్‌లో 1909లో జరిగిన తిరుగుబాటును 'మార్చి 31 ఘటన' అంటారు, మన క్యాలెండరులో అది ఏప్రిల్ 13. ఆనాటి పత్రికల్లో మన క్యాలెండరు ప్రకారం మార్చి నెలాఖరు సంచికలు తిరగేస్తే దాని ఊసే ఉండదు.