ఘాట్ రోడ్డులో మూడో సిలిండర్ మొరాయించింది

చదును రోడ్డు మీద ఎంతసేపు తోలినా బండి పేచీ పెట్టలేదు. ఘాట్ మొదలై నాలుగు మలుపులు తిరిగామో లేదో, యాక్సిలరేటర్ తొక్కితే ముందుకు దూకాల్సింది పోయి గుక్కపట్టిన పిల్లాడిలా ఊగడం మొదలెట్టింది. పెట్రోల్ కల్తీ అయ్యుంటుందని వెనక సీట్లోంచి బావ వెంటనే తీర్పు ఇచ్చేశాడు. పాత బండి, అందునా సెకండ్ హ్యాండ్. నాకంటే ముందు ఎవరు ఎలా నడిపారో, పెట్రోలుకి నిప్పు రాజేసే స్పార్క్ ప్లగ్గులు ఎప్పుడు మార్చారో ఆ దేవుడికే తెలియాలి. సర్వీస్ పుస్తకంలో సగం పేజీలు ఖాళీ.

నాకు టెన్షన్ పెట్టింది ఆ ఊగుడు కాదు, డాష్‌బోర్డు మీద మిణుకుమిణుకుమంటున్న చెక్ ఇంజిన్ లైటు. అది నిలకడగా వెలిగితే మెల్లగా షెడ్డు దాకా పోవచ్చు. ఆరుతూ వెలుగుతుంటే మాత్రం మండని పెట్రోలు, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతోందని అర్థం, అలాగే తొక్కుకుంటూ పోతే లోపలి జల్లెడ కరిగిపోతుంది. అందుకే ఆపేశాను. తెలిసిన గ్యారేజీకి ఫోన్ చేస్తే, బండి మొహం కూడా చూడకుండా 'నాలుగు కాయిల్సూ మార్చేయాలి సార్' అన్నారు. ఒక్కో ప్లగ్గుకి స్పార్క్ కోసం కరెంటు ఇచ్చేవి అవి. ఒళ్లు మండింది.

వచ్చిన దారినే, కాలు పెద్దగా ఆనించకుండా దిగి, కొండ కింద షెడ్డు దగ్గర ఆపాం. అక్కడున్న పెద్దాయన బానెట్ ఎత్తలేదు, ముందు ప్రశ్నలు మొదలెట్టాడు. మిస్సింగ్ (సిలిండర్లో పెట్రోలు మండకుండా పోవడం) ఎప్పుడు కొడుతోంది, స్టార్ట్ చేయగానేనా, వేడెక్కాకా? యాక్సిలరేటర్ తొక్కకుండా ఐడిల్‌లో ఉందా, ఎత్తులో తొక్కితేనేనా? ఎత్తులోనే అన్నాను. 'అయితే గాలి లీకు కాకపోవచ్చు. అదైతే ఐడిల్‌లో వణికి, రేజ్ చేస్తే సర్దుకుంటుంది' అన్నాడు. ఎత్తెక్కేటప్పుడు సిలిండర్లో ఒత్తిడి పెరుగుతుంది, అంత ఒత్తిడిలో ప్లగ్ సందు దాటి స్పార్క్ దూకాలంటే వోల్టేజీ ఎక్కువ కావాలి, ఎక్కడైనా కాస్త బలహీనంగా ఉంటే అప్పుడే బయటపడుతుంది. చదునులో బుద్ధిగా ఎందుకుందో అప్పుడు అర్థమైంది.

బండి కంప్యూటర్లో నమోదైన లోపం కోడ్ చదివే స్కానర్ పెడితే పీ0303 వచ్చింది. అంటే మూడో సిలిండర్లో మిస్సింగ్. 'మూడో కాయిల్ మార్చెయ్ మరి' అన్నాడు బావ. ఆయన నవ్వి, 'ఇది ఎక్కడో చెప్పింది బాబూ, ఎందుకో చెప్పలేదు కదా' అంటూ మూడో కాయిల్ తీసి ఒకటో దాంట్లో, ఒకటో దాన్ని మూడులో పెట్టి, కోడ్ చెరిపి, నా పక్కన కూర్చుని మళ్లీ ఆ ఎత్తు ఎక్కించాడు. కాయిలే దొంగైతే ఈసారి 0301 రావాలి. మళ్లీ 0303 వచ్చింది! ఫోన్లో చెప్పినవాళ్ల మాట వినుంటే నాలుగు కొత్త కాయిల్స్‌తో అదే ఊగుడు మిగిలేది.

అప్పుడు మూడో ప్లగ్ ఊడదీశాడు. తెల్లటి పింగాణీ మీద పైనుంచి కిందికి వెంట్రుకలా సన్నటి నల్ల గీత. స్పార్క్ కొసన దూకకుండా ఆ గీత వెంట పక్కకి జారి ఇంజిన్ ఒంట్లోకి పోతోందట. టార్చి వేసి చూపించాడు, ప్లగ్ గుంతలో అడుగున ఆయిల్ మెరుస్తోంది. ఇంజిన్ పైమూత, అదే టాపెట్ కవర్, కింద సీల్ గట్టిపడి కారుతోంది. ఆయిల్‌లో నానితే ప్లగ్ మీద తొడిగే రబ్బరు బూట్ మెత్తబడి పట్టు వదిలేస్తుందట. గుంత తుడిచి, నాలుగు ప్లగ్గులూ మార్చి, ఆ బూట్ కూడా కొత్తది తొడిగాడు. దీనికీ లొంగకపోతే పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్, ఆ తర్వాతే కంప్రెషన్, అంటే సిలిండర్ ఒత్తిడి నిలుపుతోందా లేదా అన్నది, చూద్దామన్నాడు. తేలికైనవన్నీ తేలాకే పెద్దవాటి జోలికి పోవడం ఈయన పద్ధతి. ఎక్కడ నేర్చుకున్నాడో గానీ, ముందు కొత్త పార్టు బిగించి ఆ తర్వాత ఆలోచించే షెడ్లే నేను ఎక్కువ చూశాను.

అదే ఎత్తు, అదే గేరు. బండి చప్పుడు లేకుండా లాగేసింది. సీల్ మాత్రం ఆయన దగ్గర లేదు, తిరిగొచ్చాక టాపెట్ కవర్ గ్యాస్కెట్‌తో కలిపి మార్పించాను, గుంత ఇప్పుడు పొడిగా ఉంది. ఇక పైకెళ్లాక చూసిన దాని గురించి రాయడానికేం లేదు. మంచు కమ్మేసి పది అడుగుల అవతల ఏమీ కనిపించలేదు.