ఒకే మెట్టు, మూడు పేర్లు: కెర్న్ పాట దగ్గర ఆగిపోయిన అయిదో నెల

నిన్న రాత్రి ఇరవై టేకులు తీసుకుంటే తొమ్మిది పోయాయి. తొమ్మిదీ ఒకే చోట పోయాయి. ‘ఆల్ ద థింగ్స్ యు ఆర్’లో బ్రిడ్జ్ (పాట మధ్య భాగం) చివర వచ్చే ఆ పొడుగు స్వరం దగ్గరే. నెల రోజులుగా ఈ ఒక్క స్వరం నన్ను కదలనివ్వడం లేదు.

నెలకో బ్రాడ్‌వే పాట చొప్పున, కీబోర్డు నేనే వాయిస్తూ నేనే పాడాలని జనవరిలో మొదలుపెట్టాను. ‘ఓల్ మ్యాన్ రివర్’ అయిపోయింది. గెర్ష్విన్ ‘ఐ గాట్ రిథమ్’ చివర్లో ఉండే రెండు అదనపు బార్లతో (నాలుగు దెబ్బల చిన్న ఆవర్తనాలతో) సహా కుదిరింది. ‘మై ఫన్నీ వాలెంటైన్’ ఇంట్లోవాళ్లు మళ్లీ పాడమని అడిగేంత బాగా వచ్చింది. బెర్లిన్ ‘బ్లూ స్కైస్’కి వారం చాలింది. అయిదోది ఇది.

సమస్య ఎక్కడుందో వివరంగా రాస్తాను. జెరోమ్ కెర్న్ ఈ పాట బాణీని ‘ఏ’ ఫ్లాట్ మేజర్‌లో (ఆధార స్వరం ‘ఏ’ ఫ్లాట్) కట్టాడు. కానీ పాట మాత్రం ఎఫ్ మైనర్‌తో మొదలై ఎక్కడా కుదురుగా నిలబడదు. మొదటి ఎనిమిది బార్లు ముగిసేసరికి సి మేజర్‌లో ఉంటాం, తరువాతి ఎనిమిదికి జి మేజర్‌లో. బ్రిడ్జ్ అదే జి మేజర్‌లో మొదలై ‘ఈ’ మేజర్‌కి చేరుతుంది. అక్కడ గొంతు జి షార్ప్ మీద ఆగుతుంది. ఆ స్వరం అలా మోగుతుండగానే కింద కార్డు (కలిపి నొక్కే మెట్ల గుంపు) సి ఆగ్మెంటెడ్ అవుతుంది, వెంటనే ఎఫ్ మైనర్ వస్తుంది. అప్పటిదాకా జి షార్ప్‌గా ఉన్నది ‘ఏ’ ఫ్లాట్ అయిపోతుంది, చివరి భాగం దానితోనే మొదలవుతుంది. అదే నల్ల మెట్టు, వేలు కదలదు.

మన కర్ణాటక స్వరాల్లో చెప్పాలంటే, ‘ఈ’ని షడ్జమం అనుకుంటే ఆ మెట్టు అంతర గాంధారం. సి షడ్జమమైతే అదే శుద్ధ ధైవతం. ఎఫ్ షడ్జమమైతే సాధారణ గాంధారం. గ్రహభేదం (షడ్జమాన్ని వేరే స్వరం మీదికి మార్చడం) కచేరీల్లో చాలాసార్లు విన్నాను. అక్కడ విద్వాంసుడు తీరిగ్గా మనల్ని కొత్త ఆధారంలోకి తీసుకెళతాడు. కెర్న్ ఒక్క స్వరం మీదే రెండుసార్లు ఆధారం మార్చేశాడు. నిమిషానికి 96 దెబ్బల వేగంలో నేను దాన్ని రెండు బార్లు, అంటే సరిగ్గా 5 సెకన్లు పట్టి ఉంచుతాను. ఇది అర్థమైన రాత్రి ఆ మూడు కార్డులే వాయించుకుంటూ ఒంటిగంట దాకా కూర్చున్నాను.

ఇక కొలతలు. ఫోన్ ట్యూనర్లలో ముల్లు నిలవడం లేదు, అందుకే టేకులన్నీ ప్రాట్ అనే, గొంతు ఎత్తుని గీతగా చూపే ప్రోగ్రాంలో వేసి చూశాను. పొడుగు స్వరం ఎటు జారుతోందో చూడటానికి నాకు తెలిసి దాన్ని మించింది లేదు, పైగా ఉచితం. కీబోర్డులో ‘ఏ’ 440 హెర్ట్జ్‌కి ఉంది కాబట్టి ఈ స్వరం 415.3 హెర్ట్జ్ ఉండాలి. మొదటి రెండు వారాల టేకుల్లో నాది ‘ఈ’ మేజర్ మీద సగటున 412, అంటే 14 సెంట్లు (పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు) తక్కువ. ఎఫ్ మైనర్ వచ్చేసరికి 410.5, అంటే 20 సెంట్లు తక్కువ. మొదటిది వింటే తప్పనిపించదు, నిజానికి తియ్యగానే ఉంటుంది. ఎఫ్ మైనర్ పడగానే మాత్రం చెవిలో పుల్ల గుచ్చినట్టు ఉంటుంది.

ముందు ఊపిరి చాలక కిందికి దిగుతున్నానేమో అనుకున్నాను. బ్రిడ్జ్ అంతా వదిలేసి చివరి రెండు బార్లే నిండు ఊపిరితో పాడాను. మొదలే 13 తక్కువ. చివర్లో జారే 6 సెంట్లు ఊపిరివల్ల కావచ్చు, మొదటి 14కి కారణం మాత్రం అది కాదు. తరువాత హెడ్‌ఫోన్స్ మీద అనుమానం వచ్చింది. ఒక చెవి తీసి పాడినా, రెండూ పెట్టుకుని పాడినా అంతే. (ఇంట్లో పాడుతూ రికార్డు చేసేవాళ్లు వెనక మూసి ఉన్న హెడ్‌ఫోన్సే కొనండి. ఆడియో టెక్నికా ఎం50ఎక్స్ నాకు బాగా నచ్చింది, మైకులోకి పియానో చప్పుడు రాదు.)

ఆ ఎత్తు నా గొంతుకి పడటం లేదేమో అని కీబోర్డులో శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ మీట నొక్కి మూడు మెట్లు దించాను. అక్కడా 14 తక్కువే. అర్వింగ్ బెర్లిన్‌కి నొటేషన్ చదవడం రాదు, ఎక్కువగా నల్ల మెట్ల మీద ఎఫ్ షార్ప్‌లోనే వాయించేవాడు. మిగతా శ్రుతుల కోసం ప్రత్యేకంగా చేయించిన పియానోలో మీట తిప్పేవాడు. వాటిలో ఒకటి ఇప్పటికీ స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. మన స్కేల్ చేంజర్ హార్మోనియంలో జరిగేది కూడా అదే పని. ఆ ఒక్క శ్రుతిలోనే ఆలోచిస్తూ అన్ని వందల పాటలు కట్టిన మనిషి మీద నాకు ఎంత గౌరవమో చెప్పలేను. కానీ నా జబ్బుకి ఆ మీట పనిచేయలేదు.

చివరికి టేకులు ఊళ్లో ఉన్న మా సంగీతం టీచరుగారికి పంపాను. ఆవిడ వినీ వినగానే, “సాధన తంబురా పెట్టుకుని చేస్తున్నావా?” అని అడిగారు. అవును, పెట్టుకునే చేస్తున్నాను! శ్రుతి గట్టిపడాలని, ‘ఈ’లో తంబురా యాప్ మోగించుకుని ఆ గాంధారాన్ని రోజూ పావుగంట పట్టాను. అక్కడే దొరికింది.

తంబురాలో తనంతట తాను పలికే అంతర గాంధారం షడ్జమానికి 386 సెంట్లు పైన ఉంటుంది. కీబోర్డులో అది 400. నా 14 సెంట్లు అవే, తేడా లేకుండా అవే! ఇంతలో ఎఫ్ మైనర్ వస్తుంది. అక్కడ చెవి కోరుకునే సాధారణ గాంధారం 316 సెంట్లు, కీబోర్డులో 300. అంటే ‘ఈ’ మీద చెవి స్వరాన్ని 14 కిందికి లాగుతుంది, ఎఫ్ మీద 16 పైకి లాగుతుంది. రెండింటి మధ్య 30 సెంట్ల దూరం. ఒకే స్వరం పట్టుకున్నాననుకుంటున్నాను గాని, చెవి రెండు వేర్వేరు స్వరాలు అడుగుతోంది. కీబోర్డు శ్రుతి కల్తీ శ్రుతి అనేవాళ్లతో చాలా విషయాల్లో నేనూ ఏకీభవిస్తాను. ఈ పాట విషయంలో మాత్రం కాదు. పన్నెండు మెట్లూ సమానంగా ఉన్నాయి కాబట్టే కెర్న్‌కి ఈ ఊహ వచ్చింది, లేకపోతే ఈ బ్రిడ్జే లేదు.

టీచరుగారు చెప్పినట్టు తంబురా ఆపేశాను. సాధన వెనకనుంచి మొదలుపెట్టాను. ముందు ఎఫ్ మైనర్ మీద ‘ఏ’ ఫ్లాట్ పట్టడం, అది కదలకుండా ఉన్నాక సి ఆగ్మెంటెడ్‌నుంచి రావడం, ఆ తరువాతే ‘ఈ’ మేజర్‌నుంచి. ఎడమ చేతి కార్డులో జి షార్ప్ తీసేస్తే గొంతుకి ఆసరా పోయి మళ్లీ 15కి పడిపోయింది, అందుకే ఉంచేశాను. పది రోజులకి సగటు లోపం 14 నుంచి 5కి తగ్గింది. నిన్న బాగున్న పదకొండు టేకులూ 6 సెంట్ల లోపే ఉన్నాయి.

పోయిన తొమ్మిదిలో ఇప్పుడు కొత్త తప్పు కనిపిస్తోంది. కార్డు మారే క్షణంలో గొంతు చిన్న జారుతో పైకి ఎగబాకుతోంది. ప్రాట్ గీతలో అది కొక్కెంలా కనిపిస్తుంది, పావు సెకను కూడా ఉండదు. గాంధారాన్ని గమకం లేకుండా నిలబెట్టే అలవాటు నా గొంతుకి లేదు, కారణం అదే అనుకుంటున్నాను. కెర్న్ మాత్రం ఇక్కడ గొంతుని కదలవద్దంటున్నాడు, కదలడమంతా కింద ఉన్న కార్డుల పని.

పోయిన ఆదివారం న్యూజెర్సీ ఎడిసన్‌లో రైలెక్కి న్యూయార్క్ పెన్ స్టేషన్‌లో దిగి, ఎయిత్ ఎవెన్యూ మీద ఇరవై వీధుల దాకా నడిచి 52వ వీధికి వెళ్లాను. అక్కడి థియేటర్‌ని ఇప్పుడు నీల్ సైమన్ థియేటర్ అంటున్నారు, 1983 దాకా దాని పేరు ఆల్విన్. 1935లో మొదలైన గెర్ష్విన్ ‘పోర్గీ అండ్ బెస్’ ఇక్కడే 124 ప్రదర్శనలకి ఆగిపోయింది. 1939 నవంబరులో ఇక్కడే మొదలైన, ఈ పాట ఉన్న ‘వెరీ వార్మ్ ఫర్ మే’ 59 ప్రదర్శనలకే మూతపడింది. బ్రాడ్‌వేకి కెర్న్ రాసిన ఆఖరి కొత్త షో అదే. పాటకి సాహిత్యం రాసిన ఆస్కార్ హామర్‌స్టీన్ మరో నాలుగేళ్లకి రోడ్జర్స్‌తో కలిసి ‘ఓక్లహోమా!’ చేశాడు. అది 2,212 ప్రదర్శనలు ఆడింది. ఆ గోడ పక్కన నిలబడి నా పద్నాలుగో టేకు విన్నాను. ఆ రోజుల్లో లోపల ఆర్కెస్ట్రా ఉండేది. వయొలిన్ వాళ్లు గాయకుడి కోసం ఓ నాలుగు సెంట్లు అటూ ఇటూ సర్దుకోగలరు, నా యమహా పి-45 సర్దుకోలేదు. దాని మెట్ల బరువు నాకు ప్రాణం, ఇంకోటి కొనను. కాబట్టి సర్దుకోవాల్సింది నేనే.

తరువాతి పాట సాండ్‌హైమ్ ‘సెండ్ ఇన్ ద క్లౌన్స్’ అని ఖాయం చేసుకున్నాను. 1973లో ‘ఎ లిటిల్ నైట్ మ్యూజిక్’ కోసం, పొడుగు ఊపిరి పట్టలేని గ్లినిస్ జాన్స్ గొంతుకి తగ్గట్టు చిన్న చిన్న పాదాలుగా కట్టాడు. 12/8, 9/8 తాళాలు మారి మారి వస్తాయి. తిశ్రం (మూడేసి లెక్క) మీద కాస్త పట్టుంది కాబట్టి లెక్క తప్పనని నమ్మకం. కానీ జూన్ 15 దాకా కెర్న్‌ని వదలను. రేపటినుంచి వేగం 120కి పెంచి, ఆ స్వరం 4 సెకన్లే ఉండేలా చూస్తాను. అప్పుడు కొక్కెం పోతే మళ్లీ రోజుకి నాలుగు చొప్పున 96కి దించుకుంటూ వస్తాను.