రిమ్ మీద రిమ్

అమెరికా వచ్చిన కొత్తలో నేను తుపాకీ ముట్టుకోవడానికే లేదు. నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు, వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులుంటే తప్ప, తుపాకీ పట్టకూడదని ఇక్కడి ఫెడరల్ చట్టం. గ్రీన్ కార్డు వచ్చాకే ఇండోర్ షూటింగ్ రేంజ్‌లో పనికి కుదిరాను. ఆరేళ్లయింది. లేన్ల వెనక నిలబడి కనిపెట్టుకుని ఉండాలి, ఎవరిదైనా తుపాకీ మొరాయించి చెయ్యెత్తితే వెళ్లాలి. తరచుగా చెయ్యెత్తేది .22 మ్యాగ్నమ్ అనే సన్నటి తూటా వాడే సెమీ ఆటోమేటిక్ పిస్టల్ వాళ్లే. సెమీ ఆటోమేటిక్ అంటే ఒకటి పేలగానే తర్వాతి తూటాని తనే ఎక్కించుకునేది.

మొన్న శనివారం ఒక తెలుగు కుర్రాడు పిలిచాడు. "అన్నా, ఇది పనికిరాని తుపాకీ అన్నా. మ్యాగజైన్‌కి మూడుసార్లు ఆగిపోతోంది. వెనక్కిచ్చేస్తా."

"ముందు మ్యాగజైన్ ఇలా ఇవ్వు తమ్ముడూ" అన్నాను.

మ్యాగజైన్ అంటే తూటాలు పేర్చే డబ్బా. దాన్ని లైటు కింద పెట్టి చూపించాను. ఈ తూటాకి అడుగున చుట్టూ అంచు ఉంటుంది, అదే రిమ్. మ్యాగజైన్‌లో పై తూటా రిమ్ కింది తూటా రిమ్‌కి ముందుండాలి. అలా ఉంటే పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ కదిలే స్లైడ్ తోసినప్పుడు పైది హాయిగా జారిపోతుంది. వెనక పడిందా, కింది రిమ్‌ని తన్నుకుని అక్కడే బిగుసుకుపోతుంది. పై నుంచి ఆరో తూటా దగ్గర సరిగ్గా అదే జరిగింది. తొందరగా కుక్కేశాడు. అన్నీ తీయించి, ఒక్కోటీ వెనక గోడకి ఆనేలా పెట్టించి, అయిదారుకి ఒకసారి మ్యాగజైన్ వీపుని అరచేతికేసి తట్టమన్నాను. 30 తూటాలు నింపేసరికి వాడి బొటనవేలు ఎర్రబడింది.

తప్పు తుపాకీది కాదని చెప్పడానికి నాకు చాలా ఓపిక పడుతుంది. వించెస్టర్ వాళ్లు 1959లో ఈ తూటా తెచ్చినప్పుడు దాన్ని వాడింది రైఫిళ్లలోనూ రివాల్వర్లలోనూ. రివాల్వర్‌లో ఏ తూటా గది దానిదే కాబట్టి రిమ్‌తో పేచీ లేదు. సెమీ ఆటోమేటిక్‌లో అలా కుదరదు. పైగా ఇత్తడి గుల్ల పలచన, పొడుగు. పేలగానే ఉబ్బి చాంబర్ గోడకి, అంటే తూటా కూర్చునే గది గోడకి, అతుక్కుంటుంది. దాన్ని ఊడబెరకడానికి ఇంజనీర్లు చాలా తంటాలు పడ్డారు. 1987 నాటి ఏఎంటీ ఆటోమ్యాగ్ టూ పిస్టల్‌లో పేలుడు గ్యాస్ వెనక్కి మళ్లేలా చాంబర్‌కి రంధ్రాలు పెట్టారు. కెల్‌టెక్ పీఎంఆర్-30 పిస్టల్ చాంబర్‌లో గాడులు తీశారు. 2023లో స్మిత్ అండ్ వెసన్ తెచ్చిన పిస్టల్ ఆ పేలుడు గ్యాస్ ఒత్తిడి మీదే నడుస్తుంది. గుల్ల అంత తేలిగ్గా అతుక్కుంటుంది కాబట్టే చాంబర్‌లో మసి పేరుకోనివ్వొద్దని ప్రతివాడికీ చెప్తాను.

తూటా సంగతి వేరే. వాడు తెచ్చినవి 30 గ్రెయిన్లవి (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత), పెట్టె మీద వేగం పెద్ద అంకెల్లో వేసి ఉంది. ఆ వేగం రైఫిల్ గొట్టంలో కొలిచింది. నాలుగు అంగుళాల పిస్టల్ గొట్టంలో మందు పూర్తిగా కాలకముందే బుల్లెట్ బయటపడుతుంది, మిగిలింది గొట్టం ముందు మంటవుతుంది. తేలిక బుల్లెట్‌తో కొన్ని పిస్టళ్లలో స్లైడ్ పూర్తిగా వెనక్కి రాదు. నేనైతే జాకెట్, అంటే పైన లోహపు తొడుగు, ఉన్న 40 గ్రెయిన్లతో మొదలుపెట్టమంటాను. పొట్టి గొట్టాల కోసమే చేసిన స్పీర్ గోల్డ్ డాట్ లాంటివీ ఉన్నాయి. ఏదైనా రెండు మూడు రకాలు తెచ్చి, ఒక్కోటి కనీసం వంద కాల్చి, ఎక్కడ ఆగిందో రాసుకోవాలి. పక్క లేన్ వాడి పిస్టల్‌కి నచ్చింది మనదానికి నచ్చాలని లేదు.

ఏ రకం తెచ్చినా, పేలనివి అప్పుడప్పుడు తగులుతాయి. పేలుడు మందు రిమ్ లోపల చుట్టూ సమంగా పరుచుకోవాలి, ఒకచోట పలచబడి, తూటాని పేల్చే పిన్ అక్కడే తగిలితే టిక్కుమని ఊరుకుంటుంది. ఆలస్యంగా పేలినా పేలొచ్చు. గొట్టం టార్గెట్ వైపే ఉంచి, 30 సెకన్లు లెక్కపెట్టి, అప్పుడు తియ్యాలి. ఈ ఒక్క మాట దగ్గర మాత్రం నేను గొంతు పెంచుతాను. కొత్తవాళ్లు టిక్కుమనగానే తుపాకీ తిప్పి లోపలికి తొంగిచూస్తారు. అది చూసినప్పుడల్లా నా గుండె గొంతులోకొస్తుంది.

వాడు 40 గ్రెయిన్ల పెట్టె కొనుక్కొచ్చాడు. రెండు మ్యాగజైన్లు ఆగకుండా అయిపోయాయి. మూడోదానిలో సగం దాటాక టిక్కుమంది. చెయ్యెత్తుతాడని రెండడుగులు వేశాను. ఎత్తలేదు. గొట్టం టార్గెట్ వైపే పెట్టి, కదలకుండా నిలబడి, పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంటున్నాడు.