మా అన్న చెవికి దొరికిన తేడా: చేతి కంప్యూటర్‌లో ఎమ్యులేటర్ కట్టిన నా అనుభవం

మా అన్న మిర్యాలగూడలో రైస్ మిల్లులో పనిచేస్తాడు. దసరాకి నల్లగొండ ఇంటికి వచ్చినప్పుడు అటక మీద నుంచి చిన్నప్పటి మారియో క్యాసెట్ దింపి, దుమ్ము తుడిచి నా చేతిలో పెట్టి, "ఇది ఆడేటట్టు చెయ్యరా" అన్నాడు. వీడియోగేమ్ డబ్బా ఎప్పుడో పాడైపోయింది. నా దగ్గరేమో రాస్‌ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ బోర్డు, 640×480 స్క్రీన్, బటన్లు, బ్యాటరీ కలిపి బిగించుకున్న చిన్న లైనక్స్ కంప్యూటర్ ఉంది, చేతిలో పట్టేంత. దీని మీదే ఎమ్యులేటర్, అంటే పాత గేమ్ డబ్బాలా నటించే ప్రోగ్రామ్, పెట్టి ఆడిద్దాం అనుకున్నా.

మెమరీ కార్డులో వేసుకుంటే చాలు, అన్నీ సిద్ధంగా ఉండే సిస్టమ్ ఇమేజ్ ఫైళ్లు దొరుకుతాయి. కానీ లోపల ఏం జరుగుతుందో తెలియకుండా వాడడం నాకు నచ్చదు. అందుకే రెట్రోఆర్చ్ అనే ఎమ్యులేటర్ చట్రాన్ని, దాని కింద నడిచి మారియో డబ్బాలా నటించే ఎఫ్‌సీఈయూఎమ్ఎమ్ అనే భాగాన్ని (దీన్నే కోర్ అంటారు) సోర్స్ కోడ్ నుంచి కట్టడం మొదలుపెట్టా.

మొదటి దెబ్బ అక్కడే తగిలింది. బోర్డు ప్రాసెసర్‌కి నాలుగు కోర్లు ఉన్నాయి కదా అని నాలుగు పనులు ఒకేసారి ఇచ్చా, ఉన్న ర్యామ్ 512 ఎంబీ. పావుగంటకి మెమరీ చాలక, కోడ్‌ని ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలర్‌ని లైనక్స్ కెర్నల్ మధ్యలోనే చంపేసింది. ఒక్కో పనే ఇస్తే నడుస్తుంది గానీ రాత్రంతా పడుతుంది, మధ్యలో బ్యాటరీ అయిపోతే మళ్లీ మొదటికి. సరే అని ల్యాప్‌టాప్‌లో క్రాస్ కంపైల్ చేసి, అంటే బోర్డు కోసం ల్యాప్‌టాప్ మీద కట్టి, ఫైలు తెచ్చి వేస్తే, జీలిబ్‌సీ (లైనక్స్ ప్రోగ్రాములు ఆధారపడే మూల లైబ్రరీ) 2.34 లేదు అంటూ అసలు తెరుచుకోలేదు. చేతి కంప్యూటర్‌లో ఉన్నది డెబియన్ 11 అనే లైనక్స్, దాని జీలిబ్‌సీ 2.31. ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 22.04, అందులో 2.35. పాత దాని మీద కట్టింది కొత్త దాని మీద నడుస్తుంది కానీ కొత్త దాని మీద కట్టింది పాత దాని మీద నడవదు. ల్యాప్‌టాప్‌లోనే డెబియన్ 11 కంటైనర్, అంటే లోపల విడిగా నడిచే చిన్న డెబియన్, ఒకటి పెట్టి అందులో కట్టా, పని అయింది. ఇది తెలుసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

క్యాసెట్ పిన్నులు రబ్బరుతో రుద్ది, క్యాసెట్ చదివే డంపర్ పరికరానికి పెట్టి లోపలి డేటా తీసుకున్నా. 32 కేబీ ప్రోగ్రామ్, 8 కేబీ బొమ్మలు, మొత్తం 40 కేబీ. మా చిన్నతనం అంతా అందులోనే ఉంది. కట్టేటప్పుడు వేగం కోసం ఇచ్చే ఆప్టిమైజేషన్ ఫ్లాగులు మార్చాను కాబట్టి ముందుగా నెస్‌టెస్ట్ అనే పరీక్ష రోమ్ (గేమ్ లాంటి ఫైలు) వేసి చూశా, ప్రాసెసర్ ఆదేశాలన్నీ సరిగ్గా పలుకుతున్నాయా లేదా అన్నది అది చెప్తుంది. ప్రతి వరుసకీ ఓకే వచ్చింది. బొమ్మ 256×240, దాన్ని సరిగ్గా రెండింతలు చేస్తే 512×480, స్క్రీన్ ఎత్తుకి చక్కగా సరిపోయింది. ఇక అయిపోయింది అనుకున్నా.

దీపావళికి అన్న వచ్చి రెండు నిమిషాలు ఆడి ఆపేశాడు. "అరేయ్, ఇది గాదురా. మన మారియో గింత ఉరుకుడు ఉరకకపోతుండె" అన్నాడు. పరీక్షలన్నీ పాసైంది కదన్నా అంటే, "నా చేతికి తెలుస్తలేదారా?" అన్నాడు.

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. తవ్వితే తెలిసింది, అన్నదే కరెక్ట్. అసలు యంత్రం, అంటే నింటెండో వాళ్ల ఎన్ఈఎస్, జపాన్, అమెరికా లెక్కలో సెకనుకి 60 ఫ్రేములు (బొమ్మలు) వేస్తుంది. అప్పట్లో మన టీవీలు పాల్ అనే ప్రసార పద్ధతివి, 50. ఇక్కడ మేము కొన్న డబ్బా కూడా 50 మీదే నడిచేది, గేమ్ మాత్రం 60కి రాసింది. ఆ గేమ్‌లో పరుగు, దూకుడు అన్నీ ఫ్రేముల లెక్కే కాబట్టి మేము ఆడిన మారియో ఆరో వంతు నెమ్మది.

వెంటనే కోర్ సెట్టింగ్ పాల్‌కి మార్చా. వేగం సరిపోయింది, ఫోన్‌లో వినిపిస్తే "పాట గొంతు బొంగురు పోయింది" అన్నాడు. అదీ నిజమే! అసలైన పాల్ యంత్రం ప్రాసెసర్ 1.66 మెగాహెర్ట్జ్, 60 ఫ్రేముల దానిది 1.79. ధ్వని కూడా ఆ గడియారం మీదే పుడుతుంది కాబట్టి స్వరం దాదాపు ఒక మెట్టు దిగిపోయింది. అదే మెనూలో డెండీ అని ఇంకో ఎంపిక ఉంది, రష్యాలో అమ్మిన ఇలాంటి నకలు డబ్బా పేరు అది. అందులో ఫ్రేములు 50, ప్రాసెసర్ మాత్రం 1.77. పాట నెమ్మదిస్తుంది, గొంతు మాత్రం మారదు. అది పెట్టి వినిపించగానే అన్న కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ఆ, ఇదే" అన్నాడు.

ఇంకో చిక్కు మిగిలింది. నా స్క్రీన్ సెకనుకి 60 సార్లు గీస్తుంది, గేమ్ 50 ఫ్రేములే ఇస్తుంది, అంటే ప్రతి ఐదో ఫ్రేము రెండుసార్లు కనపడి, మారియో పరిగెత్తేటప్పుడు నేల చిన్నగా తడబడుతుంది. కాన్ఫిగ్ ఫైల్లో స్క్రీన్ పిక్సెల్ క్లాక్‌ని, అంటే స్క్రీన్ గీసే వేగాన్ని నిర్ణయించే గడియారాన్ని, ఆరో వంతు తగ్గించా. నా ప్యానెల్ ఒప్పుకుంది, అన్నీ ఒప్పుకోవు, కొన్ని మినుకుమినుకుమంటాయి.

నా చేతి కంప్యూటర్ ఇప్పుడు మిర్యాలగూడలో అన్న దగ్గరే ఉంది. ఈసారి వచ్చేటప్పుడు కాంట్రా క్యాసెట్ తెస్తా అన్నాడు. అది 40 కేబీలో పట్టే గేమ్ కాదు, లోపల మెమరీ బ్యాంకులు (ముక్కలు) మార్చే చిప్ ఉంటుంది, డంపర్‌కి దాని లెక్క వేరే చెప్పాలి. అది చదువుతున్నా.