దంతపు పిడి పుట్టిల్లు

లండన్‌లో ఒక వేలం సంస్థకు పురాతన ఆయుధాల వివరాలు రాసిపెట్టడం నా ఉద్యోగం. భారతీయుడిని గనుక తల్వార్లు, కటార్లు వస్తే ఎవరూ అడగకుండానే నా బల్ల మీదికి చేరతాయి. ఆఫ్రికా కత్తులు మాత్రం, వాటితో కుస్తీ పట్టే ఓపిక మరెవరికీ లేక నా వంతుకు వచ్చాయి. వాటిలోనూ దంతపు పిడి ఉన్నవాటితోనే చిక్కంతా. వెంట వచ్చే పాత చీటీ మీద సూడాన్ అనో, జాంజిబార్ అనో రాసి ఉంటుంది. తరచుగా అది కత్తి పుట్టిన చోటు కాదు, దాన్ని ఎవరో యూరోపియన్ కొన్న రేవో, బజారో అయి ఉంటుంది.

ఈమధ్య ఒక పెద్దావిడ తన తాతగారి పెట్టెలో దొరికిందని తెచ్చిన వస్తువు ఇందుకు మంచి ఉదాహరణ. చీటీ మీద ‘ఖార్టూమ్ బాకు’ అని, అంటే సూడాన్ రాజధాని పేరుతో ఉంది. తీరా చూస్తే అది బాకే కాదు. అలుగు కొడవలిలా వంగి ఉంది, దాని పొడవునా ఉబ్బెత్తు గీతలున్నాయి, మధ్యలో గుండ్రటి రంధ్రాలున్నాయి. కాంగో ఈశాన్య ప్రాంతపు మాంగ్‌బెటు ప్రజల ట్రుంబాష్‌కు ఉండే లక్షణాలివి. యుద్ధం కన్నా హోదాకే ఎక్కువగా పనికివచ్చిన కత్తి అది. మరి ఖార్టూమ్ ఎలా వచ్చింది? 1870లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త గేయోర్గ్ ష్వైన్‌ఫుర్త్ మాంగ్‌బెటు రాజు ముంజా కొలువుకు చేరుకున్నది ఖార్టూమ్ దంతపు వర్తకుల బిడారు వెంటే. ఆ వర్తకులు దంతాన్ని నైలు దారిన ఉత్తరానికి తరలించేవారు. దంతంతో పాటు కత్తులూ ఆ దారిన పోవడంలో వింత లేదు. కాబట్టి చీటీని అబద్ధమని పారేయలేము. అది కత్తి నడిచిన దారిని చెబుతోంది గానీ పుట్టిల్లును కాదు. దాన్ని తీసి పారేయవద్దని ఆవిడకు గట్టిగానే చెప్పాను.

పొడవాటి తలతో మనిషి బొమ్మ చెక్కిన పిడి అయితే కొనుగోలుదారులకు మోజెక్కువ, నాకు అనుమానం ఎక్కువ. 1909 నుంచి 1915 వరకు అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ తరఫున హెర్బర్ట్ లాంగ్, జేమ్స్ చాపిన్ కాంగోలో వస్తువులు సేకరించిన కాలానికి, విదేశీయుల కోరిక మేరకు అలాంటి శిల్పాలు చెక్కడం బాగా పెరిగింది. తల బొమ్మ కనిపించగానే ప్రాచీనమని నిర్ణయించేవారి తొందర నాకు అర్థం కాదు. ఈ కత్తి పిడి సాదాది, అరచేయి ఆనే వైపు మాత్రమే పసుపు తిరిగి నున్నబడింది.

ఇక పదార్థం సంగతి. పిడి కొసన అడ్డంగా కోసిన చోట భూతద్దం పెడితే ఏనుగు దంతంలో ఒకదానినొకటి ఖండించే సన్నని గీతలు వలలా కనిపిస్తాయి. అంచు దగ్గర అవి కలిసే కోణం విశాలంగా, దాదాపు 115 డిగ్రీలు దాటి ఉంటే ఏనుగు. 90కి లోపుంటే ఎప్పుడో అంతరించిపోయిన ఏనుగు బంధువు మామత్. ఎముకలో అయితే నల్లని చుక్కలుంటాయి. ఈ పిడి ఏనుగుదే.

ఆ మాట తేలాక బ్రిటన్ చట్టం అడ్డు నిలుస్తుంది. 2022 జూన్ 6 నుంచి అమలైన దంతపు చట్టం ప్రకారం 1947కు ముందు చేసిన వస్తువులో దంతం మొత్తం ఘనపరిమాణంలో పది శాతం లోపుంటేనే, నమోదు చేసి అమ్మవచ్చు. మన విశాఖపట్నం పెట్టెల్లో చెక్క మీద పలుచని దంతపు రేకే అతికిస్తారు గనుక కొన్ని ఆ లెక్కలో ఇముడుతాయి. అలుగు పలుచన, పిడి బలుపు అయిన కత్తికి ఆ వెసులుబాటు దాదాపు ఉండదు. 1918కి ముందుదై, కళాపరంగానో చారిత్రకంగానో అసాధారణమైనదని నిపుణులు ఒప్పుకుంటే మినహాయింపు పత్రం దొరుకుతుంది. లేదా అర్హత గల మ్యూజియంకు అమ్మవచ్చు. 2025 జనవరి నుంచి నీటిగుర్రం దంతాన్నీ ఈ నిషేధంలోకి తెచ్చారు.

ఆవిడ కత్తి మంచిదే గానీ అసాధారణమైనది కాదని మా అభిప్రాయం. ‘మాంగ్‌బెటు, ఈశాన్య కాంగో, ఖార్టూమ్ మీదుగా వచ్చి ఉండవచ్చు’ అని రాసి, ఫోటోలు జతచేసి తిరిగి ఇచ్చేశాను. అమ్మడానికి వీల్లేకపోతే మనవడికి ఇచ్చేస్తానంది. కానుకగా ఇవ్వడానికి నమోదు కూడా అవసరం లేదు.